ఉప్పుగాలిలో పన్నెండేళ్లు: నల్ల బుగాటీ వెన్ను మీది రివెట్లు

అమెరికన్ ఫ్యాషన్ డిజైనర్ రాల్ఫ్ లారెన్ సేకరించిన పాత యూరోపియన్ స్పోర్ట్స్ కార్ల గురించి, ఇలాంటి సమీక్షలు చదివేవారికి నేను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. వాటిలో 17 కార్లను 2011లో పారిస్‌లోని అలంకార కళల మ్యూజియంలో ప్రదర్శించారు. అప్పుడు వెలువడిన ఫోటోలను చూశాక, ఆ సేకరణలోని కార్ల డైకాస్ట్ నమూనాలను, అంటే కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసిన చిన్న కార్లను, ఒక్కొక్కటిగా కూర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. 2013 నుంచి 2017 లోపు ఆరు నమూనాలు వచ్చి చేరాయి. అన్నీ అసలు కారులో పద్దెనిమిదో వంతు ఉన్నవే. ఒక్కొక్కటీ అప్పటి మా ఇంటి నెల అద్దె కన్నా ఎక్కువ ఖరీదు చేసింది. అవన్నీ విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలోని మా మూడో అంతస్తు ఇంట్లో, కిటికీ తెరిస్తే సముద్రపు గాలి నేరుగా లోపలికి వచ్చే గదిలోనే ఇన్నాళ్లూ ఉన్నాయి. ఆరింటినీ ప్రస్తావిస్తాను గానీ, ఈ సమీక్షలో ఎక్కువ భాగం మొదట కొన్న బుగాటీ అట్లాంటిక్ అనే 1930ల నాటి ఫ్రెంచ్ కారు నమూనా గురించే, అందులోనూ దాని వెన్ను గురించే ఉంటుంది.

ఆ కారుకు ముందు అద్దం నడుమ నుంచి మొదలై, పైకప్పు మీదుగా తోక చివరి దాకా ఒక సన్నని నిలువు రెక్క ఉంటుంది. దాని పొడవునా వరుసగా రివెట్లు, అంటే రేకులను కలిపి బిగించే గుండ్రని తలల మేకులు, ఉంటాయి. కారును నిలువునా రెండు ముక్కలుగా చేసి మళ్లీ కలిపి బిగించినట్టు కనిపించే ఆ అతుకు, నిజంగానే అలాంటి అవసరం నుంచి పుట్టినదే. ఈ కారుకు ముందు రూపమైన ఏరోలిత్‌ను 1935లో పారిస్ మోటారు ప్రదర్శనలో చూపించినప్పుడు దాని ఒంటికి ఎలెక్ట్రాన్ అనే మెగ్నీషియం మిశ్రమలోహపు రేకు వాడారు. ఆ రేకును వెల్డింగ్ చేయడం కష్టం, పైగా నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. అందువల్ల రెండు సగాల అంచులను పైకి మడిచి రివెట్లతో బిగించారు. తరువాత తయారైన నాలుగు అట్లాంటిక్ కార్లకు అల్యూమినియం రేకు వాడారు కనుక వెల్డింగ్‌కు ఏ అడ్డంకీ లేదు. అయినా ఈ కారు రూపశిల్పి జాఁ బుగాటీ ఆ అతుకును దాచకుండా, చెరపకుండా, కారుకు అదే గుర్తుగా నిలబెట్టాడు. అవసరం తీరిపోయిన తరువాత కూడా పనివాడి చేతి గుర్తును గౌరవంగా అలాగే ఉంచిన ఆ నిర్ణయమంటే నాకు అపారమైన ఇష్టం. ముప్పై ఏళ్లు ఓడల మరమ్మతు యార్డులో పెయింట్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాడిని కావడం వల్ల అతుకులు, అంచులు, రివెట్లు కనిపిస్తే నా చూపు అక్కడే ఆగిపోతుంది.

నమూనాలో ఆ రివెట్లను విడిగా బిగించలేదు, పోతలోనే తీశారు. అయినా ఒక్కొక్కటీ స్పష్టంగా, వేలి కొనకు తగిలేలా ఉంది. స్టీరింగ్ అసలు కారులో ఉన్నట్టే, మన కార్లలాగే, కుడివైపు ఉంది. కొన్న మొదటి ఏడాది దాని నల్ల రంగును నేను ఎందరి దగ్గరో మెచ్చుకున్నాను. లారెన్ 1988లో కొన్న ఈ 1938 నాటి కారు మొదట నీలం రంగుది. పాల్ రసెల్ వర్క్‌షాప్‌లో పునరుద్ధరించినప్పుడు దానికి నలుపు వేయించారు. 1990లో అమెరికాలోని పెబుల్ బీచ్ పాత కార్ల పోటీలో అత్యుత్తమ బహుమతి గెలిచింది ఆ నల్ల రూపంలోనే. నలుపు మీద వెలుగు పడితే ఆ వెన్ను ఒక గీత గీసినట్టు మెరుస్తుందని, ఏ ఇతర రంగుకూ ఆ గుణం రాదని నేను వాదించేవాడిని. ఇప్పుడు ఆ మాటకు ఒక చిన్న సవరణ చేర్చాలి. నలుపు మీద వెలుగు ఎంత బాగా కనిపిస్తుందో, ఉప్పుపొర, దుమ్ము కూడా అంతే బాగా కనిపిస్తాయి. వాటిని తుడవాలనే ఆత్రమూ అంతే ఎక్కువగా పుడుతుంది.

మిగిలినవాటి సంగతి క్లుప్తంగా చెబుతాను. మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ తలుపులు పైకి తెరుచుకోవడం అందం కోసం చేసిన పని కాదు. గొట్టాలతో అల్లిన చట్రం పక్కల ఎత్తుగా ఉండటంతో తలుపు కింది భాగానికి చోటు మిగలలేదు, అందుకే కీళ్లను పైకప్పులో పెట్టారు. నమూనాలో ఆ కీళ్లు ఎనిమిదేళ్లు గట్టిగానే ఉన్నాయి. ఇప్పుడు ఎడమ తలుపు తనంతట తాను మెల్లగా కిందికి దిగుతోంది. కౌంట్ ట్రోసీ పేరుతో ప్రసిద్ధమైన మెర్సిడెస్ ఎస్‌ఎస్‌కే, ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే సూపర్‌ఛార్జర్ ఉన్న బెంట్లీ, ఈ రెండింటిలోనూ ఏ లోపమూ కనబడలేదు. బెంట్లీ బొనెట్ మీది తోలు పట్టీ మాత్రం ఒక వానాకాలం బూజు పట్టింది. జాగ్వార్ డి-టైప్ లోహంతో కాక, ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో చేసినది కనుక ఏ తలుపూ తెరుచుకోదు, దానికి తుప్పు భయమూ లేదు. ఫెరారీ 250 జీటీవో టైర్లను మెత్తగా ఉంచడానికి కలిపిన పదార్థం ఊరి, కింద ఉన్న ప్లాస్టిక్ పలకను కరిగించింది. నాలుగు టైర్లూ పలకకు అతుక్కుపోయాయి. అప్పటి నుంచి ప్రతి నమూనానూ ఇరుసుల కింద చిన్న చెక్క దిమ్మలు పెట్టి, టైర్లు పలకకు తగలకుండా నిలబెడుతున్నాను. కొత్తగా కొన్నవారు ఈ ఒక్క పని మొదటి రోజే చేయాలని నా సలహా.

ఇక అసలు విషయానికి వస్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన నగరం మీదికి వచ్చినప్పుడు నా దగ్గర మూడు నమూనాలే ఉన్నాయి. గది కిటికీ అద్దాలు రెండూ పగిలి, వాన నీరు, దానితో పాటు గాలి మోసుకొచ్చిన సముద్రపు తుంపర గది నిండా పడ్డాయి. ఫెరారీని, మెర్సిడెస్‌ను అంతకు ముందు రోజే పెట్టెల్లో సర్ది లోపలి గదిలో పెట్టాను. అట్లాంటిక్ మాత్రం అలమారలోనే ఉండిపోయింది. కరెంటు లేదు, మోటారు లేదు, కుళాయిలో నీళ్లు లేవు. మూడో రోజు ట్యాంకరు వచ్చాక, ఇంటి అవసరాలకు నీళ్లు పట్టుకున్న తరువాత, మిగిలిన నీటితో దాన్ని కడిగి ఆరబెట్టాను. అప్పటికే ఉప్పు దాని మీద ఎండిపోయి, తెల్లని చారలు కట్టి ఉంది. కడిగాక మాత్రం కొత్తదానిలా మెరిసింది. తుపానును కూడా తట్టుకున్న పెయింట్ అని నేను స్నేహితులకు గర్వంగా చూపించాను. ఆ గర్వం నాలుగున్నరేళ్లు నిలిచింది.

2019 వేసవి సెలవులకు మా మేనకోడలు పెందుర్తి నుంచి వచ్చింది. అప్పుడు దానికి పదకొండేళ్లు. కారు దగ్గర కూర్చుని చాలాసేపు ఏదో లెక్కపెట్టి, "మామయ్యా, రివెట్ అంటే ఇటు నుంచి అటు పోయేదే కదా? మరి ఎడమవైపు ఒకటి ఎక్కువ ఉందేంటి?" అని అడిగింది. నేను రెండు వైపులా లెక్కపెట్టాను. అది చెప్పింది నిజం. భూతద్దం పెట్టి చూస్తే, వెనుక అద్దాలకు కొంచెం కింద, రెండు రివెట్ల మధ్య, సరిగ్గా రివెట్ తలంత పొక్కు ఒకటి ఉంది. సూదితో గుచ్చితే లోపలి నుంచి తెల్లటి పొడి రాలింది. అది జింకు తుప్పు. ఆ పక్క రివెట్లు రెండింటి చుట్టూ కూడా పెయింట్ ఉబ్బి ఉంది. అవి రివెట్లలాగే గుండ్రంగా ఉండటం వల్ల అంతకాలం నా కంటికి ఆనలేదు.

యార్డులో మేము చేసే పని తెలిసినవారికి దీని కారణం వెంటనే అర్థమవుతుంది. స్ప్రే చేసిన పెయింట్ ఆరేటప్పుడు పదునైన అంచుల నుంచి వెనక్కి జరుగుతుంది. చదునైన చోట ఎంత మందంగా ఉన్నా, అంచు మీద పలచబడుతుంది. అందుకే ఓడకు స్ప్రే చేసే ముందు ప్రతి అంచుకూ, వెల్డింగ్ గీతకూ, రివెట్‌కూ బ్రష్షుతో ఒక పూత విడిగా వేస్తారు. దాన్ని స్ట్రైప్ కోట్ అంటారు. ఈ నమూనాలో ఆ పని జరగలేదు. నేను ప్రతి ఆదివారం నూలు గుడ్డతో వెన్నును తుడుస్తూ వచ్చినందువల్ల ఆ పలచని పూత ఇంకా అరిగింది. కంటికి కనబడని రంధ్రం ఒకటి ఏర్పడితే చాలు, ఉప్పు, చెమ్మ లోపలికి చేరతాయి. లోపలికి చేరిన ఉప్పు బయటి తేమను పెయింట్ గుండా తన వైపుకు లాక్కుంటూనే ఉంటుంది. ఇక్కడ నా మనసును బాధపెట్టిన సంగతి మరొకటి ఉంది. ఓడ ఉక్కును కాపాడటానికి మేము జింకు దిమ్మలను ఒంటికి బిగించి, సముద్రం వాటినే తినేలా చేస్తాము. ఉక్కు బదులు తాను కరిగిపోవడానికే అక్కడ జింకును వాడతాము. ఈ డైకాస్ట్ నమూనాల ఒళ్లు ఎక్కువగా అదే జింకుతో, కొద్దిగా అల్యూమినియం, రాగి వంటివి కలిపి పోసినది. అంటే నేను అంతగా ప్రేమించిన రివెట్ల వరుసే దీనికి అన్నిటికన్నా బలహీనమైన చోటు.

పోత లోహంలో సీసం కలిసి కలుషితమైతే లోహం లోపలి నుంచే పగుళ్లిచ్చి పొడిగా రాలిపోయే జబ్బు ఒకటి ఉంది. దాన్ని జింక్ పెస్ట్ అంటారు, దానికి మందు లేదు. నా భయం అదే. కానీ అడుగున ఉన్న మరలు విప్పి, ఒంటిని విడదీసి లోపలి వైపు చూస్తే ఎక్కడా పగులు లేదు, వంపు లేదు. తెగులు పై నుంచి లోపలికి వచ్చిందే గానీ, లోపలి నుంచి బయటికి వచ్చింది కాదు. ఆ సాయంత్రం నాకు కలిగిన ఊరట చెప్పలేనిది.

మొదటి మరమ్మతు విఫలమైంది. పొక్కులున్నంత మేరే గీకి, కార్ల పెయింట్ దుకాణంలో దొరికిన మామూలు నలుపును నేరుగా లోహం మీద వేశాను. వానాకాలం దాటేసరికి అది పెచ్చుగా లేచింది. జింకు మీద అలాంటి పెయింట్ నేరుగా పట్టదు. పైగా ఉప్పు పూర్తిగా పోకుండానే నేను తొందరపడ్డాను. రెండోసారి వెనుక అద్దాల నుంచి తోక దాకా పెయింట్ మొత్తం తీసివేశాను. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో, రోజుకొకసారి నీళ్లు మారుస్తూ, వారం రోజులు నానబెట్టి కడిగాను. బల్బు వెలుతురు కింద రెండు రోజులు ఆరబెట్టి, సన్నని ఎమరీ కాగితంతో తేలికగా రుద్ది, ముందు ప్రతి రివెట్‌కూ అతి సన్నని బ్రష్షుతో, పెయింట్ లోహానికి పట్టేలా అడుగున వేసే ఎపాక్సీ ప్రైమర్ పెట్టాను. అది ఆరాక మొత్తానికి ప్రైమర్, ఆపైన నలుపు, ఆపైన మెరుపు పూత వేశాను. తుప్పు తినేసిన రెండు రివెట్ల చోట సూది మొనతో ఎపాక్సీ జిగురు చుక్కలు పెట్టాను. మూడడుగుల దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరికి వస్తే, ఆ రెండూ పక్కవాటి కన్నా కొంచెం చప్పటగా ఉన్నాయని నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఆరింటినీ రబ్బరు అంచులున్న గాజు తలుపుల అలమారలో ఉంచాను. లోపల సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు ఉన్నాయి. మొన్న జూలైలో గదిలో 82 శాతం చూపించిన రోజున అలమారలో 48 చూపించింది. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగినప్పుడు, వంటకు వాడని పాత ఇనుప పెనంలో సన్నని సెగ మీద వేడిచేస్తే మళ్లీ నీలంగా మారతాయి. గుడ్డతో తుడవడం పూర్తిగా మానేశాను. మెత్తని మేకప్ బ్రష్షుతో దుమ్ము దులపడమే.

కొనవచ్చా అని అడిగేవారికి ఒకే జవాబు చెప్పలేను. నేను కొన్న ఏడాదే మా చెల్లెలి ఇంటికి కూడా ఇదే అట్లాంటిక్ నమూనాను కానుకగా ఇచ్చాను. వారి ఇంటికీ సముద్రానికీ మధ్య సింహాచలం కొండలు ఉన్నాయి. దాని మీద తుపాను తుంపర పడలేదు, దాన్ని ఎవరూ వారం వారం తుడవనూ లేదు. ఈనాటికీ దాని మీద ఒక్క పొక్కు లేదు. అందువల్ల పెయింట్ నాసిరకమని తేల్చి చెప్పడం న్యాయం కాదు. కానీ ఇంత ఖరీదు పెట్టించుకున్న తయారీదారు, ఈ కారుకు ప్రాణమైన ఆ వరుసకు బ్రష్షుతో ఒక పూత అదనంగా వేయించి ఉండాల్సిందన్న నా ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. ఈ విషయం వివరంగా రాస్తే వారి నుంచి జవాబు రాలేదు. బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉండి, గాలి చొరబడని అలమారకు వేరే ఖర్చు పెట్టలేనివారు రెజిన్ నమూనాతో మొదలుపెట్టడం మేలు. బొనెట్ తెరిచి ఇంజను చూడాలన్న కోరిక మాత్రం వదులుకోవాలి. నాకైతే ఆ కోరిక బలంగా ఉంది, చేతిలో పెయింట్ పని ఉంది, పదవీ విరమణ తరువాత తీరికా ఉంది. ఈ మూడూ లేనివారికి నా తృప్తి ప్రమాణం కాదు.

పోయిన నెల భూతద్దంతో మళ్లీ చూశాను. తోక చివరి నుంచి మూడో రివెట్ పక్కన, కుడివైపు, వెంట్రుక వాసి ఉబ్బు ఒకటి ఉన్నట్టు అనిపించింది. పెన్సిలుతో కాగితం మీద దాని చోటు గుర్తుపెట్టుకుని తేదీ వేశాను. ఈ ఉదయం చూస్తే పెరగలేదు.