బిడ్డ ఇల్లు చేరాక: ఒక దత్తత ఏజెన్సీ రెండేళ్ల సేవపై సమీక్ష

అమెరికాలో స్థిరపడి, భారతదేశం నుంచి బిడ్డను దత్తత తీసుకోవాలనుకునే తెలుగు దంపతులు ఏజెన్సీలను సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది. మేమూ ఆ రెండే అడిగి, జవాబులు నచ్చాక సంతకాలు పెట్టాం. 2023 ఫిబ్రవరిలో అయిదేళ్ల మా పాపను వెంటబెట్టుకుని డాలస్‌లో విమానం దిగిన రాత్రి, ఆమె మంచం వద్దని నేల మీద ముడుచుకుని పడుకున్నప్పుడు, అడగవలసిన మూడో ప్రశ్న ఒకటి మిగిలిపోయిందని తెలిసింది: బిడ్డ ఇల్లు చేరాక మీరు మాకేం చేస్తారు? ఆ ప్రశ్నకు ఏజెన్సీ రెండేళ్లలో ఇచ్చిన జవాబు గురించే ఈ సమీక్ష.

ఇందులో మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి ఏజెన్సీ పేరు రాయడం లేదు. పాప పేరు గానీ, ఆమె పెరిగిన ఊరు గానీ రాయను. మహారాష్ట్రలోని ఒక శిశుగృహం అని చెప్పి ఊరుకుంటాను. మిగిలినదంతా ఆమె సొంత కథ, ఎవరికి ఎంత చెప్పాలో పెద్దయ్యాక ఆమే తేల్చుకుంటుంది.

ప్రక్రియ గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక దేశం నుంచి మరో దేశానికి జరిగే దత్తతలపై 1993లో కుదిరిన హేగ్ ఒప్పందం భారతదేశంలో 2003 నుంచి అమల్లో ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ నిరభ్యంతర పత్రం ఇస్తేనే బిడ్డ దత్తతకు దేశం దాటుతుంది. దరఖాస్తులు, పిల్లల వివరాలు ‘కేరింగ్స్’ అనే పోర్టల్ ద్వారా నడుస్తాయి. మేమిద్దరం ఓసీఐ కార్డుదారులం (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు) కాబట్టి కారా గుర్తింపు ఉన్న అమెరికా ఏజెన్సీ ద్వారా వెళ్లాం. ఆరోగ్యంగా ఉన్న పసికందు కోసం దేశంలోని దంపతులే ఏళ్ల తరబడి వరుసలో ఉంటారు. అదే పోర్టల్‌లో పెద్ద వయసు పిల్లలు, విడదీయకూడని తోబుట్టువులు, గుండె లోపమో వినికిడి లోపమో గ్రహణం మొర్రో ఉన్న పిల్లలు తమను కోరుకునే వారి కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఏజెన్సీల భాషలో వీరు ‘వెయిటింగ్ చిల్డ్రన్’. ఒక ఏజెన్సీ ఎలాంటిదో వీరి గురించి అది మాట్లాడే తీరులోనే తెలిసిపోతుందని ఇప్పుడు నా అభిప్రాయం.

ఈ విషయంలో మా ఏజెన్సీకి పూర్తి మార్కులు వేస్తాను. పాప గురించి మొదట మా చేతికి వచ్చిన శిశు అధ్యయన నివేదికలో ఉన్నది చాలా కొద్ది: గ్రహణం మొర్రి, పెదవికీ అంగిలికీ శస్త్రచికిత్స అయింది, మాట అస్పష్టం, తోటి పిల్లలతో కలిసిపోతుంది. ఆ నాలుగు ముక్కలు చదివి మేం భయపడ్డాం. ఎదురుచూస్తున్న పిల్లల వ్యవహారాలు చూసే ఉద్యోగిని ఒకావిడ మా భయాన్ని కొట్టిపారేయలేదు, మమ్మల్ని తొందరపెట్టలేదు. శిశుగృహంలోని ఆయాలను అడగడానికి పదకొండు ప్రశ్నలు రాసి పంపారు. రోజులో ఏ వేళ హుషారుగా ఉంటుంది? భయమేస్తే ఎవరి దగ్గరికి వెళుతుంది? ఏడిస్తే ఎంతసేపటికి ఊరుకుంటుంది? జవాబులు వారంలో వచ్చాయి. దీపం ఆర్పితే లేచి కూర్చుంటుంది. గుమ్మం దగ్గర అందరి చెప్పులూ జతలు కలిపి వరుసగా పెడుతుంది. భోజనం అందరి కంటే ఆఖరున ముగిస్తుంది. నిర్ణయానికి మాకున్న గడువు నెల రోజులు. ఆ లోపు ఒక పిల్లల ఆసుపత్రిలో దత్తత పిల్లల వైద్య నివేదికలు చదివి వివరించే డాక్టరు దగ్గరికి కూడా ఏజెన్సీయే మమ్మల్ని పంపింది. సరేనని చెప్పేటప్పటికి మా కళ్ల ముందున్నది రోగం పేరు కాదు, చెప్పులు సర్దే ఒక పిల్ల.

ఎదురుచూస్తున్న పిల్లల కోసం మాట్లాడటమంటే నాకు అర్థమైనంత వరకు ఇదే. ‘ఈ పసిదానికి ఒక ఇల్లు దొరికితే చాలు’ అని జాలి పుట్టించే రాతలు చాలా చదివాను. అవి చదివిన మనిషి కళ్లు తుడుచుకుని పేజీ తిప్పేస్తాడు, లేదా జాలిలో నిర్ణయం తీసుకుని ఆ జాలి తరిగిపోయాక ఏం చేయాలో తోచక నిలబడిపోతాడు. బిడ్డను ఉన్నది ఉన్నట్టుగా, ఇబ్బందులతో సహా, ఒక మనిషిగా పరిచయం చేసే రాతకు మాత్రమే కుటుంబాన్ని తయారుచేసే శక్తి ఉంటుంది.

ఇక శిక్షణ. హేగ్ దత్తతలకు అమెరికా నిబంధనల ప్రకారం తల్లిదండ్రులు ముందుగా కనీసం పది గంటల శిక్షణ పొందాలి. మాకిచ్చిన పాఠాలన్నీ తెల్లవారి కుటుంబంలోకి భారతీయ బిడ్డ వస్తుందన్న ఊహతో తయారైనవి. మా సందేహాలకు సోషల్ వర్కర్ ఇచ్చిన జవాబు ఒకటే: మీరూ భారతీయులే, పాపా భారతీయురాలే, భాషా తిండీ మీకు సమస్య కావు. మేం గుంటూరు జిల్లా వాళ్లం. పాపకు వచ్చింది మరాఠీ. మా పప్పులోని చింతపండు పులుపు ఆమెకు ఒక్కనాడూ సహించలేదు. వరణ్-భాత్, అంటే మరాఠీవారి పప్పన్నం, ఎలా వండాలో మావారి ఆఫీసులోని పుణే అమ్మాయిని అడిగి నేర్చుకున్నాను. శిశుగృహంలో ఆయాలను పిల్లలు ‘మావ్షీ’ అంటారు, అంటే పిన్ని. నాలుగు నెలల పాటు మా పాపకు నేను మావ్షీనే. ఇలా జరుగుతుందని, దానికి నొచ్చుకోవద్దని, అమ్మ అనమని బలవంతం చేయవద్దని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే, నేను బాత్రూములోకి వెళ్లి ఏడ్చిన సాయంత్రాలు కొన్ని తగ్గేవి. శిక్షణ విభాగంలో ఇది పెద్ద లోటు. మరో రాష్ట్రం బిడ్డ తెలుగింటికి రావడమూ ఒక దేశాంతరమేనని ఏజెన్సీలు గుర్తించాలి.

మొదటి వారంలోనే భోజనాల దగ్గర ఆమె పళ్లెం వైపు చూపిస్తూ ‘ఉద్యా పణ్?’ అని అడిగేది. పొద్దున పాలు తాగుతూ అదే, రాత్రి పక్క వేస్తుంటే అదే. పుణే అమ్మాయి ఫోనులో విని, కాసేపు ఆగి చెప్పింది: ‘రేపు కూడానా?’ అని అడుగుతోందండీ. అవును, రేపు కూడా అని మరాఠీలో చెప్పడం ఆ రోజే నేర్చుకున్నాం. రోజుకు ఇరవై సార్లు చెప్పి ఉంటాం. అయినా మూడో వారంలో దిండు గలీబులో ఎండిపోయిన చపాతీ ముక్కలు కనిపించాయి. లెక్కపెడితే పద్నాలుగు.

ఆ రాత్రి తొమ్మిది దాటాక ఏజెన్సీ దత్తతానంతర సేవల నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తిన కౌన్సెలరు అరగంట సేపు మాట్లాడారు. ముక్కలు తీసేసినట్టు పాపకు తెలియనివ్వవద్దన్నారు, తిట్టవద్దు, నవ్వవద్దు అన్నారు. మూత సులువుగా వచ్చే డబ్బా ఒకటి ఆమె మంచం పక్కన పెట్టి, అది నీదేనని చెప్పి, రోజూ ఆమె కళ్లెదుటే నింపమన్నారు. తిన్నా తినకపోయినా ప్రశ్నించవద్దన్నారు. స్టీలు డబ్బా ఒకటి పెట్టాం. బిస్కెట్లు, అరటిపండు, ఒక చపాతీ. మొదట్లో తెల్లారేసరికి ఖాళీ అయ్యేది. తర్వాత సగం మిగిలేది. జూన్ నెలలో ఒకరోజు ఆ డబ్బాలో తిండి తీసేసి రంగు పెన్సిళ్లు పెట్టుకుంది. ఏజెన్సీకి మేం కట్టిన మొత్తం సొమ్ములో అత్యధిక విలువ రాబట్టింది ఆ అరగంటే.

అంత మంచి కౌన్సెలరు ఉన్న చోటే నివేదికల విభాగం ఇంత అలసత్వంగా ఎందుకుందో నాకు అర్థం కాలేదు. భారతీయ నిబంధనల ప్రకారం బిడ్డ వెళ్లాక రెండేళ్ల పాటు, మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి చొప్పున ఆరు నివేదికలు పంపాలి. ఈ ఆరింటికి ముగ్గురు సోషల్ వర్కర్లు మారారు. మొదటావిడ నేల మీద కూర్చుని పాపతో బొమ్మలాట ఆడి, ఆమె నవ్వినప్పుడు ఎవరి వైపు చూస్తోందో గమనించి రాశారు. మూడో ఆవిడ పాప పేరు తప్పు పలికి, గర్భసంచి ఆపరేషన్ల దగ్గర నుంచి మా చరిత్రంతా పాప ముందే మళ్లీ అడిగారు. అయిదో నివేదిక నకలు మాకు వచ్చినప్పుడు చూస్తే, అందులో మా పాపకు ఈత అంటే ఇష్టమని ఉంది. ఆమె అప్పటికి ఈతకొలనులో దిగనేలేదు. అది వేరే బిడ్డ నివేదికలోని వాక్యం. ఫిర్యాదు చేశాక దిద్దారు, క్షమాపణ కూడా చెప్పారు. కానీ బిడ్డను పంపిన శిశుగృహానికి, కారాకు ఆమె గురించి అందే అధికారిక సమాచారం ఆ కాగితాలే. ఇలాంటి పిల్లలు కుటుంబాల్లో ఎలా ఎదుగుతున్నారో చెప్పే సాక్ష్యం కూడా అవే. వాటిలో అబద్ధం దొర్లితే, ఇంకా ఎదురుచూస్తున్న పిల్లల తరఫున మనం రేపు చెప్పే మాటకు విలువ ఉండదు.

ఇంకొక ఫిర్యాదు. విరాళాల సేకరణకు అచ్చువేసే కరపత్రంలో వాడుకుంటామంటూ, పాపకు పెదవి శస్త్రచికిత్స కాకముందు తీసిన ఫొటో అడిగారు. పక్కన ఇప్పటి ఫొటో వేస్తే చూసేవారికి బాగా తగులుతుందన్నారు. మేం కుదరదన్నాం. రెండోసారి అడిగితే రాతపూర్వకంగా కారణాలు పంపాం: ఆ ముఖం సిగ్గుపడవలసిన ముఖమని ఆమెకు మేం నేర్పదలచుకోలేదు, బడిలో తోటి పిల్లల చేతికి ఆ కాగితం చేరితే వెనక్కి తీసుకోలేం. ఆ తర్వాత అడగలేదు, పైగా ఇతర కుటుంబాలకూ పంపే అంగీకార పత్రాన్ని మార్చారు. విన్నందుకు వారిని అభినందిస్తాను. అడిగినందుకు ఇప్పటికీ బాధపడతాను.

వైద్య విషయాల్లో వారి సాయం ఒక మోస్తరు. వచ్చిన రెండు వారాల్లో సమగ్ర పరీక్షలు చేయించమని చెప్పారు, అది మంచి పని అయింది. చారు తాగితే పాపకు ముక్కులోంచి వచ్చేదని, అంగిలిలో చిన్న రంధ్రం మిగిలిపోయిందని అక్కడే బయటపడింది. శిశుగృహం ఆయాలు చెప్పిన ‘భోజనం ఆఖరున ముగిస్తుంది’ అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది: ముద్దలు చిన్నవి చేసుకుని, ఒక్కొక్కటే జాగ్రత్తగా మింగుతోంది. చెవుల్లో కర్ణభేరి వెనుక నీరు చేరి వినికిడి కూడా కొంత తగ్గింది. సర్జన్, దంతవైద్యుడు, స్పీచ్ థెరపిస్టు, వినికిడి నిపుణులు కలిసి చూసే బృందం ఉంటుందని, ప్రభుత్వ బడిలోనే స్పీచ్ థెరపీ ఉచితంగా కోరవచ్చని మాకు చెప్పింది మాత్రం ఏజెన్సీ కాదు, వారు నడిపే తల్లిదండ్రుల బృందంలో పరిచయమైన ఒక తల్లి.

ఆ బృందం గురించి తప్పక చెప్పాలి. నెలకోసారి వీడియోలో కలుస్తాం. దత్తత తీసుకున్నారని తెలియగానే మనవాళ్లు ‘ఎంత పుణ్యం కట్టుకున్నారమ్మా’ అంటారు, పాప వింటుండగానే. పుణ్యం కోసం తెచ్చిన వస్తువుగా ఆమె తనను తాను చూసుకోకూడదని, ‘అదృష్టం మాదండీ’ అని ఊరుకోక, ‘మాకు బిడ్డ కావాలనుకున్నాం, ఈమె మా బిడ్డ’ అని తిన్నగా చెప్పాలని అక్కడే నేర్చుకున్నాను. దశాబ్దాల క్రితం దత్తత మీద ఇక్కడికి వచ్చి పెద్దవాళ్లైన వారిని పిలిచి మాట్లాడిస్తారు. వారి మాటలు ప్రతిసారీ తీయగా ఉండవు. 1999లో, 2001లో హైదరాబాద్‌లో లంబాడీ తండాల ఆడశిశువులను దత్తతల కోసం అమ్మిన ఉదంతాలు బయటపడిన సంగతి తెలుగువారిలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాగితాలు నిజమా కాదా అని తల్లిదండ్రులే ముందుగా అడగాలని ఒకావిడ గట్టిగా చెప్పారు. 18 ఏళ్లు నిండాక పుట్టుక మూలాలు వెతుక్కోవడానికి దత్తత బిడ్డలకు భారతీయ నిబంధనల్లో వీలుంది కాబట్టి, ప్రతి కాగితమూ పాప పేరిట భద్రం చేస్తున్నాం. పౌరసత్వ ధ్రువపత్రం చేతికొచ్చేదాకా ఏజెన్సీ మమ్మల్ని వదల్లేదు. విదేశాల నుంచి వచ్చిన దత్తత బిడ్డలకు నేరుగా పౌరసత్వం ఇస్తూ 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన అమెరికా చట్టం అప్పటికే 18 నిండిన దత్తత బిడ్డలకు వర్తించలేదని, వారిలో కొందరు పౌరసత్వం లేకుండానే ముసలివారవుతున్నారని విన్నాక ఆ పట్టుదల విలువ తెలిసింది.

మొత్తం మీద, ప్రత్యేక అవసరాలున్న బిడ్డనో, కాస్త పెద్ద బిడ్డనో తీసుకోదలచిన వారికి ఈ ఏజెన్సీని నేను సిఫారసు చేస్తాను, విడిగా అడిగిన వారికి పేరు చెప్పి మరీ చేస్తాను. పసిబిడ్డ కోసం మాత్రమే వెళ్లేవారికి ఇది ప్రత్యేకంగా ఒరగబెట్టేదేమీ లేదు. మీరు ఏ ఏజెన్సీకి వెళ్లినా, రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ఎత్తేది ఎవరు, రెండేళ్లలో మీ సోషల్ వర్కర్లు సగటున ఎంతమంది మారతారు, బిడ్డ ఫొటోపై హక్కు ఎవరిది అని సంతకానికి ముందే అడగండి. ఆ పదకొండు ప్రశ్నల కాగితం కూడా అడిగి తీసుకోండి. ఎదురుచూస్తున్న పిల్లల వివరాలు చదివే కొత్త దంపతులతో ఇప్పుడు నేను నెలకు రెండు మూడు సార్లు ఫోనులో మాట్లాడుతున్నాను, ఆ కాగితం దగ్గర పెట్టుకునే మాట్లాడతాను.

తప్పనిసరి నివేదికల గడువు 2025 ఫిబ్రవరితో ముగిసింది. మేం విడిగా రుసుము కట్టి కౌన్సెలరు సేవ కొనసాగిస్తున్నాం. పాపకు ఎనిమిదో తొమ్మిదో ఏట చిగుళ్ల ఎముకలోని ఖాళీని తుంటి ఎముక ముక్కతో పూడ్చే శస్త్రచికిత్స ఉంటుందని డాక్టర్లు చెప్పారు. ఆసుపత్రిలో రాత్రి దీపం ఆర్పరాదని, ఆపరేషన్ గది గుమ్మం దాకా నేను వెంట ఉండాలని పాపే కోరింది. ఆ రెండు కోరికలనూ ఆసుపత్రికి రాయవలసిన ఉత్తరం ముసాయిదా కౌన్సెలరు మొన్ననే పంపారు.