బర్గర్ టాకోలు ఏడాదిన్నరగా చేస్తున్నా, గొడవంతా ఖీమా కడగడం దగ్గరే

ఏడాదిన్నర కింద మా పెద్దమ్మాయి ఫోన్‌లో వీడియో పెట్టి "మమ్మీ, పది నిమిషాల పనే" అన్నది. అప్పటి నుంచి మా ఇంట్లో నెలకు రెండు మూడుసార్లు ఈ బర్గర్ టాకోలు అవుతూనే ఉన్నాయి. టాకో అంటే మెక్సికో వాళ్ల మడత రొట్టె, దాంట్లో బర్గర్ మాంసం పెడితే ఇది. ఎట్లా చేయాలో మొదటి నుంచి చెప్పను, 2023 నుంచి ఆ వీడియోలు కనబడని ఫోన్ లేదు. పచ్చి ఖీమాను రొట్టె మీద పలచగా అద్దాలి, ఖీమా వైపు కిందికి వచ్చేట్టు వేడి పెంక మీద బోర్లించి నొక్కాలి, ఎర్రగా కాలాక తిప్పి చీజ్ వేసి, సాస్ రాసి, ఉల్లిగడ్డ పెట్టి మడవాలి. అంతే. నేను చెప్పదలచుకున్నది అందులో ఒక్కదాని గురించే, ఖీమా రొట్టెకు అతుక్కోవడం. అతుక్కుంటే ఇంత హాయైన వంట లేదు. అతుక్కోకపోతే ఏమవుతుందో మా ఇంటికి వచ్చిన చుట్టాలను అడగండి.

ముందు బాగా వచ్చినప్పటి సంగతి. బర్గర్ కొరికితే వెనక నుంచి టిక్కీ జారి ఒళ్లో పడుతుంది చూడండి, ఆ బాధ దీనికి లేదు. రొట్టె, మాంసం ఒకటే పొర అయిపోతాయి. రొట్టె అంచు దాటి ఓ వేలెడు బయటికి వచ్చిన ఖీమా సన్నటి జాలీలాగా కాలి, గోధుమ రంగు తిరిగి కరకరలాడుతుంది. మా చిన్నోడు ఆ అంచు మొత్తం చుట్టూ కొరికి తిని మధ్యది వాళ్ల అక్క ప్లేటులో వేస్తాడు, ప్రతిసారీ అదే కొట్లాట. తిప్పడానికి మామూలు అట్లకాడ పనికిరాదు, అంచు మందం. హార్డ్‌వేర్ దుకాణంలో పెయింటర్లు పుట్టీ గీకడానికి కొనే స్టీలు రేకు ఒకటి కొత్తది తెచ్చుకున్నా, అది పెంకకు ఆనించి తోస్తే కాలిన పొరతో సహా లేచి వస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన డబ్బులకు పూర్తిగా న్యాయం చేసింది ఆ రేకే.

మొదటి ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా చెడిపోలేదు. మా ఆయన రాత్రి డ్యూటీ నుంచి వస్తూ ఇక్కడ మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ దగ్గర ఖీమా కొట్టించుకొచ్చేవారు, నేను కవర్లోంచి తీసి నేరుగా రొట్టె మీద అద్దేదాన్ని. స్టాఫ్‌రూంలో కూడా అందరికీ చెప్పాను. ముగ్గురు టీచర్లు ఇంట్లో చేశారు, ఇద్దరికి సరిగ్గా రాలేదట. వాళ్లకు చేతగాలేదనుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

పోయిన సంక్రాంతి తర్వాత మా అత్తమ్మ మక్తల్ దిక్కు ఊరి నుంచి మా దగ్గరికి వచ్చింది. ఆమె వచ్చిన రెండు వారాలకు ఒక ఆదివారం మా మరిది, తోటికోడలు, పిల్లలు హైదరాబాద్ నుంచి వచ్చారు. టాకోలు పెడతానని నేనే ఫోన్‌లో గొప్పగా చెప్పి ఉన్నాను. కిలో ఖీమా తెప్పించాను. తలస్నానం చేసి వంటింట్లోకి వచ్చేసరికి ఖీమా జల్లి గిన్నెలో ఉంది. "నాలుగు నీళ్లు కడిగిన బిడ్డా, ఎర్ర నీళ్లు వొయ్యేదాంక" అన్నది అత్తమ్మ. మంచిదే అనుకున్నాను. కింద గిన్నెలో నీళ్లు కారిపోయినయి కదా, ఇంకేం తడి ఉంటుందిలే అనుకున్నాను.

అద్దుతున్నప్పుడే తేడా తెలిసింది. మామూలుగా ఖీమా చేతికి పట్టేస్తుంది, వేళ్లకు కొంచెం నూనె రాసుకుంటే గానీ వదలదు. ఆ రోజు వేళ్లకు అంటనే లేదు, తడి ఇసుకలాగా ఇటు నొక్కితే అటు జరుగుతున్నది. అయినా పెంక బాగా కాలింది కదా అని బోర్లించాను. రావాల్సింది సుర్రుమనే చప్పుడు, వచ్చింది బుడబుడ. రొట్టె చుట్టూ తెల్లటి నురుగునీళ్లు ఊరుతున్నాయి. మూడు నిమిషాలు చూశాను, నాలుగు నిమిషాలు చూశాను, అంచు రంగు మారదు. ఇక ఆగలేక రేకు కింద పెట్టి తిప్పితే రొట్టె ఒక్కటే లేచి వచ్చింది, ఖీమా బూడిద రంగు పెళ్లలుగా పెంక మీదనే కూర్చుంది. రెండోది మంట పెంచి, నూనె ఎక్కువ పోసి చేశాను. నీళ్లు, నూనె కలిసి చిట్లి మణికట్టు మీద పడింది, మచ్చ ఇంకా ఉంది. మూడోదానికి మా తోటికోడలు కోడిగుడ్డు కొట్టి కలపమంటే కలిపాను, అతుక్కుంది గానీ ఆమ్లెట్ అయింది. అప్పుడు మా మరిది కొడుకు ప్లేటు పట్టుకుని నిలబడి, ఏ ఎకసెక్కం లేకుండా, నిజంగానే తెలియక అడిగాడు: "పెద్దమ్మా, ఇది టాకోనా, కూరనా?"

కూరే అయింది. మిగిలిన ఖీమా అంతా కడాయిలో వేసి ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర వేసి వేయించాను. అత్తమ్మ జొన్నరొట్టెలు చేసింది. అందరూ రెండుసార్లు పెట్టించుకుని తిన్నారు. అది మస్తుగా కుదిరిందన్న మాట కూడా చెప్పకపోతే అన్యాయం.

ఆ రాత్రి మొత్తం పిండి సంగతా, పెంక సంగతా, మాంసం పాతదా అని ఆలోచించాను. కడగడం అన్నది నాకు తట్టడానికి ఇంకో రెండుసార్లు చెడిపోవాల్సి వచ్చింది, ఎందుకంటే మాంసం కడగడం అనేది మనకు బియ్యం కడగడం లాంటిది, దాన్ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది. విషయం మాత్రం చిన్నదే. తడి ఉన్నంతసేపు మాంసం పైభాగం 100 డిగ్రీలు దాటదు, పెంక వేడినంతా నీళ్లు ఆవిరై తీసుకుపోతాయి. ఎర్రగా కాలి ఆ వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. ముక్కను కడిగితే పైపైనే తడి, తుడిస్తే పోతుంది. ఖీమాను కడిగితే ప్రతి పలుకు చుట్టూ నీళ్లు చేరతాయి, ఎంత పిండినా పోవు. పైగా రొట్టెను పట్టుకోవాల్సిన ఖీమా జిగురు కొంత ఆ ఎర్ర నీళ్లతోనే సింకులోకి పోతుంది. మా స్టాఫ్‌రూం టీచర్లిద్దరినీ మళ్లీ అడిగాను. ఇద్దరూ శుభ్రంగా కడిగారట.

అత్తమ్మతో మాట్లాడాను. కడిగితే క్రిములు చావవని, వేడికే చస్తాయని, ఖీమాకు లోపల 71 డిగ్రీలు తగిలితే చాలని, ఇంత పలచటి పొరకు అది నిమిషాల్లో తగులుతుందని, కడిగితే ఉల్టా సింకు చుట్టూ చిందుతాయని, క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆమె అంతా విన్నది. "వేడికి పురుగు సస్తది గని, మట్టి సస్తదా?" అన్నది.

దానికి నా దగ్గర జవాబు లేదు. మటన్ కొట్టే మొద్దు మీది పొట్టు, ఎముక నలుసులు, అప్పుడప్పుడు వెంట్రుక, ఇవన్నీ నేనూ చూసినవే. ఖీమా మిషన్‌లో నా కంటే ముందు ఎవరి మాంసం తిరిగిందో కూడా తెలియదు. అందుకే ఇప్పుడు ఖీమా తెప్పించడం మానేశాం. మటన్ దుకాణంలో "ఖీమా కొట్టాల్నా మేడమ్?" అంటే "వద్దు భయ్యా, తొడ ముక్కలియ్యి, పావులో సగం చెర్బీ వెయ్యి" అంటాను. ముక్కలను అత్తమ్మ ఆమె ఇష్టమున్నన్ని నీళ్లు కడుగుతుంది. తర్వాత పాత కాటన్ పంచెలో వేసి పొడిగా అద్ది, ముక్కలు విడివిడిగా పళ్లెంలో పరిచి ఫ్రీజర్‌లో నలభై నిమిషాలు పెడతాను. సగం గట్టిపడ్డాక మిక్సీలో తిప్పి ఆపి, తిప్పి ఆపి, నాలుగైదుసార్లు. ముక్కల మీది తెల్ల పొర ముందే తీసేయాలి, లేకపోతే బ్లేడుకు చుట్టుకుంటుంది. ఒక్క తిప్పు ఎక్కువైతే కబాబ్ ముద్ద అయిపోతుంది, అది రెండుసార్లు చేశాను. చెర్బీ, అంటే కొవ్వు, వద్దని ఆరోగ్యం పేరు చెప్పి మానకండి. అమెరికా వాళ్లు దీన్ని చేసేది పెద్దకూర ఖీమాతో, అందులో నూటికి 20 వంతులు కొవ్వు ఉండేట్టు చూసుకుంటారు. మన యాట తొడలో అంత ఉండదు, విడిగా కలపాల్సిందే. ఖీమాను రొట్టెకు అద్దిన తర్వాతే ఉప్పు, మిరియాలు పైన చల్లుతాను. ముందే ఉప్పు కలిపి పిసికితే ఖీమా రబ్బరులా సాగుతుంది. అల్లం ఎల్లిగడ్డ ముద్ద అసలే వద్దు, మళ్లీ తడి.

ఇట్లా చేసినప్పటి నుంచి ఒక్కటి కూడా ఊడలేదు. కాకపోతే పది నిమిషాల పని అని ఊరంతా చెప్పాను కదా, ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. పెంక మీద మాత్రం నిజంగానే ఒక్కోటి నాలుగు నిమిషాలు. కడగడం, ఆరబెట్టడం, ఫ్రీజర్, మిక్సీ జార్ తోమడం, చపాతీలు కాల్చిపెట్టుకోవడం కలిపితే గంటన్నర. స్కూలు అయ్యాక జడ్చర్ల నుంచి ఐదున్నర బస్సు పట్టుకుని వచ్చిన రోజు చేయను, ఆదివారం ముక్కలు సిద్ధం చేసి పెడితేనే మధ్యలో ఒక రోజు అవుతుంది.

రొట్టె గురించి కూడా ఒక మాట. మా దగ్గర టాకోలకు వాడే టార్టిల్లా రొట్టెల ప్యాకెట్లు ఎప్పుడూ దొరకవు, అందుకే మైదా, గోధుమపిండి సగం సగం కలిపి పలచగా ఒత్తి సగమే కాలుస్తాను. పొంగనివ్వకూడదు. పొంగిన పుల్కా రెండు పొరలవుతుంది, ఖీమా పై పొరకు గట్టిగా అతుక్కుని ఆ పై పొరతో సహా ఊడొస్తుంది. పాలమూరు వాళ్లం కదా అని జొన్నరొట్టెతో కూడా చూశాను. కాలేటప్పుడు బ్రహ్మాండం, వాసన ఇంకా బాగుంది, మడవగానే మధ్యలో ఫట్‌మని విరిగింది. జొన్నలో సాగే గుణం లేదు. మెక్సికోలో మక్కలతో చేసిన రొట్టె మడతపడుతుంది, ఎందుకంటే వాళ్లు మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు, దాంతో పిండికి పట్టు వస్తుంది. నేను జొన్నలకు సున్నం పెట్టే ప్రయోగానికి దిగలేదు, అత్తమ్మ ఉన్న ఇంట్లో అది అయ్యే పని కాదు. మడవకుండా అట్లనే పళ్లెంలో పెట్టుకుని తుంచుకుని తింటే జొన్నరొట్టెది కూడా బాగుంటుంది, కాకపోతే దాన్ని టాకో అనలేం.

రొట్టెల పెంక మీద నీసు పెట్టొద్దని అత్తమ్మ మొదటి రోజే చెప్పింది, కాబట్టి క్లాక్ టవర్ దగ్గర విడిగా ఒక బరువైన ఇనుప పెంక కొన్నాం. నాన్‌స్టిక్ మీద మాత్రం ఇంత మంట పెట్టకండి. పొగ బాగా వస్తుంది, మా వంటింటి కిటికీ వెనక సందులోకి ఉంది కాబట్టి సరిపోయింది. ఇంకోటి, ఇది వేడివేడిగా తినాల్సిన వస్తువు. యాట కొవ్వు తొందరగా గడ్డకడుతుంది. ఒకసారి పాప మారాం చేస్తే టిఫిన్ డబ్బాలో పెట్టి పంపాను, మధ్యాహ్నానికి కొవ్వు తెల్లగా పేరుకుని అంగిట్లో అంటుకుందట, సగం తిని తెచ్చింది. మళ్లీ అడగలేదు.

నలుగురైదుగురు ఉన్న ఇల్లయితే, అరకిలో మాంసానికి ఏడెనిమిది వస్తాయి, సంతోషంగా చేసుకోండి. కాకపోతే నా పెంక మీద ఒకసారికి రెండే పడతాయి, కాబట్టి మొదట తిన్నవాళ్లు చేయి కడుక్కునే వేళకు కాల్చేవాళ్లు ఇంకా పొయ్యి దగ్గరే ఉంటారు, మా ఇంట్లో ఆ కాల్చేది నేనే. మటన్ ధర ఇప్పుడున్నట్టు ఉంటే వారం వారం చేయడం మా వల్ల కాదు. చికెన్‌తో తక్కువలో అవుతుంది గానీ స్కిన్‌లెస్ బ్రెస్ట్ ఖీమా ఎండిపోయి చెక్కలా అయింది. విత్ స్కిన్ కాలి ముక్కలతో ఒక్కసారే చేశాను, పర్వాలేదు, దాని మీద మాట చెప్పడానికి ఇంకో రెండుసార్లు చేయాలి. ఇంటికి చుట్టాలు వచ్చిన రోజు మాత్రం నేను ఇప్పటికీ ఖీమా కూర, జొన్నరొట్టెలే పెడుతున్నా.