రాయి నుంచి రాగి దాకా: కిట్‌లో ఖనిజం మంచిదే, మట్టి మూస దండగ

పాతకాలంలోలా రాయి చెక్కి, ఖనిజం నుంచి రాగి తీసి చూసే కిట్ ఇది. పెట్టెలో రెండు చెకుముకి రాళ్లు, 100 గ్రాముల మాలకైట్ (రాగి ఉండే ఆకుపచ్చ ఖనిజం) పొడి, ఖనిజాన్ని కరిగించే మట్టి పాత్ర అయిన మూస, గాలి ఊదే చిన్న తోలుతిత్తి, పట్టకారు ఉంటాయి. చెకుముకి రాళ్లకు వంక పెట్టడానికి లేదు, పెచ్చులు బ్లేడులా లేస్తాయి. పెచ్చులు కంట్లో పడకుండా రక్షణ కళ్లద్దాలు మాత్రం ఇవ్వలేదు, అది తప్పే.

అసలు సరుకు మాలకైట్. శుద్ధమైనదైతే బరువులో 57 శాతం రాగే. సెర్బియాలోని బెలొవోడెలో దాదాపు 7 వేల ఏళ్ల కిందట ఇలాంటి ఆకుపచ్చ ఖనిజం నుంచే రాగి తీశారు. పొడికి రెండింతలు కట్టెబొగ్గు పొడి కలిపి మూసలో నింపి, పైన వేలెడు మందాన బొగ్గు పరవాలి. కిట్ కాగితంలో ఈ పైపొర ఊసే లేదు! అది లేకపోతే తిత్తి గాలి నేరుగా తగిలి, వచ్చిన రాగి కాస్తా మళ్లీ నల్లటి ఆక్సైడ్ అవుతుంది.

రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ కావాలి, కట్టెల మంట చాలదు. ఒక్క తిత్తితోనూ పని కాదు. అది గాలి పీల్చుకునే ప్రతిసారీ కొలిమి వేడి తగ్గుతుంది. రెండు తిత్తులు మార్చి మార్చి నొక్కాలి, రెండోది విడిగా కొనుక్కోవాలి. వేడి చాలకపోతే రాగి ముద్దకట్టదు, ఆవగింజలంత పూసలై చిట్టెంలో (కరిగి గడ్డకట్టిన మలినాల్లో) చిక్కుకుంటుంది. ఆ చిట్టెం పారేయకండి. దంచి నీళ్లలో కడిగితే పూసలు అడుగున మిగులుతాయి.

మూస మరీ పల్చన. సన్నసెగ మీద గంటసేపు ఆరబెట్టకపోతే లోపలి తేమ ఆవిరై పగులుతుంది. పాతకాలపు ముచ్చట పక్కనపెట్టి గ్రాఫైట్ మూస కొనడం మేలు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది కాబట్టి పని ఆరుబయటే.