రెండడుగుల ఫిష్ ట్యాంకు సెట్టు: మనశ్శాంతి కోసం కొనేవాళ్ళకు

కుక్కకు రెండు పూటలా నడక కావాలి, పిల్లికి బాల్కనీ నిండా మెష్ కొట్టించాలి. ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేవాళ్ళకు ఈ రెండూ కుదరవు. కాసేపు కూర్చుని చూస్తే చాలనుకునేవాళ్ళకు బెజవాడ అక్వేరియం దుకాణాల్లో చూపించేది రెండడుగుల సెట్టు. 24×12×12 అంగుళాల గాజు ట్యాంకు, లైటున్న మూత, లోపల పెట్టే ఫిల్టరు, రంగు గులకరాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు, మేత ప్యాకెట్టు, ఒక నీలం మందు సీసా. వీటికి తోడు గోల్డ్‌ఫిష్ జత, గాజుకు అతుక్కునే సక్కర్ చేప ఒకటి. ట్యాంకుకూ ఫిల్టరుకూ మంచి మార్కులు వేయొచ్చు. మూత, లైటు పరవాలేదు. మిగతావాటిలో చాలావరకు అక్కడే వదిలేసి రావాల్సినవే.

చేపల్ని చూస్తే నిజంగా కుదుటపడతామా అంటే, ఆధారాలున్నాయి. 1980ల్లో అమెరికాలో ఆరన్ కాచర్, ఆలన్ బెక్ బృందం పంటి ఆపరేషన్‌కు ముందు రోగుల్ని అక్వేరియం ఎదుట కూర్చోబెడితే వాళ్ళ కంగారు తగ్గింది. ఇంగ్లండ్‌లో ప్లిమత్‌లోని నేషనల్ మెరైన్ అక్వేరియంలో జరిగిన పరిశోధన 2015లో వచ్చింది. ఖాళీ ట్యాంకులోకి చేపల్ని విడతలుగా వదులుతుంటే, చేపలు పెరిగేకొద్దీ జనం ఎక్కువసేపు నిలబడ్డారు, గుండె వేగం ఇంకాస్త తగ్గింది. అయితే అది పెద్ద హాలంత ట్యాంకు, మన టీపాయి పక్కన పట్టేది కాదు. మనకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది: చేపలు లేని నీళ్ళ ముందు కూడా కొంత ఫలితం కనిపించింది. ఆ మాట మొదటి నెలలో గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఈ సెట్టు చెడేది ఆ నెలలోనే.

చేపలు వదిలేది అమ్మోనియా. ఫిల్టరు స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషం, మూడోది వారానికోసారి నీళ్ళు మారిస్తే పోతుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దుకాణంలో మాత్రం ట్యాంకుతో పాటే చేపల్నీ కవర్లో కట్టిస్తారు. అయిదో రోజుకు నీళ్ళు తెల్లగా మసకబారతాయి, పదో రోజుకు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. నీళ్ళు వెచ్చగా ఉన్నా, పీహెచ్ ఎక్కువై క్షారంగా ఉన్నా అదే అమ్మోనియా మరింత విషమవుతుంది కాబట్టి మన ఎండల్లో ఈ తంతు ఇంకా త్వరగా ముగుస్తుంది. ఒత్తిడి తగ్గుతుందని కొన్నది కాస్తా పిల్లల ఏడుపుతో తేలుతుంది.

తప్పించుకునే దారి తేలికే. ట్యాంకు నడుస్తున్న తెలిసినవాళ్ళింట్లో పాత స్పాంజి ముక్క అడిగి, తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి. మొదట రెండు మూడు చేపలే వేయండి. మిగతావి నెల దాటాక. కవరును పావుగంట నీళ్ళమీద తేలనిచ్చి, ట్యాంకు నీళ్ళు కొంచెం కొంచెం కలిపి, చేపల్ని మాత్రమే వలతో లోపలికి మార్చాలి. కవర్లో నీళ్ళు సింకులోకే.

ట్యాంకు పెట్టేచోటు గురించి: నీళ్ళు 45 లీటర్లు, అంగుళం మందాన పరచడానికి గులకరాళ్ళు ఆరేడు కిలోలు, గాజు ఇంకో తొమ్మిది. అరవై కిలోల బరువు ప్లాస్టిక్ స్టూలు మీద నిలవదు. అడుగున థర్మోకోల్ షీటు వేయకపోతే బల్ల ఎగుడుదిగుడుకు గాజు పగులుతుంది. గాజు అతుకుల్లోని సిలికాన్ జిగురు నుంచి వెనిగర్ వాసన వస్తుంటే ఇంకా ఆరలేదన్నమాట, నీళ్ళు పోయకండి. ఎండ పడే కిటికీ దగ్గర పెడితే పాచి పడుతుంది; లైటు కూడా రోజుకు ఆరేడు గంటలు చాలు. కుర్చీలో కూర్చుంటే కంటికి సమానంగా ఉండాలి, లేకపోతే ట్యాంకు చూసేది అతిథులే.

మున్సిపల్ కుళాయిలో వచ్చేది శుద్ధిచేసిన కృష్ణ నీరు, అందులో క్లోరిన్ ఉంటుంది. వెడల్పు బకెట్లో ఒకరోజు నిలవ ఉంచితే పోతుంది, తొందరైతే క్లోరిన్‌ను విరిచే హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు రెండు మూడు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు స్పాంజిని కుళాయి కింద తెల్లగా మెరిసేదాకా పిండటం. క్లోరిన్‌తో బ్యాక్టీరియా చచ్చి కథ మళ్ళీ మొదటికొస్తుంది. నీళ్ళు మార్చేటప్పుడు తీసిన బకెట్లోనే నాలుగుసార్లు పిండండి. వారానికి పది, పన్నెండు లీటర్లు మారిస్తే సరి. మొత్తం ఖాళీచేసి కడగడం శుభ్రత కాదు, చేపలకు శిక్ష.

మే నెల సంగతి వేరు. నీళ్ళు 32 డిగ్రీలు దాటితే వాటిలో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. మూత కొంచెం తీసి, చిన్న ఫ్యాను నీళ్ళ మీదికి తిప్పితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఉక్కపోత రోజుల్లో అంతగా దిగదు. ఐసు ముక్కలు వేయొద్దు, ఒక్కసారిగా చల్లబడటం వేడికంటే చేటు. కరెంటు పోతే ఫిల్టరు ఆగుతుంది, అందుకే ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో ఉండాలి. అయిదు వాట్ల ఫిల్టరు రోజంతా తిరిగినా నెలకు నాలుగు యూనిట్లు కూడా కాదు.

ఎయిర్ పంపు కూడా కొంటే గొట్టం మధ్యలో నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ తప్పనిసరి, బాణం గుర్తు ట్యాంకు వైపు. అది లేకుండా పంపును ట్యాంకు నీళ్ళకంటే కిందుగా పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్ళు వెనక్కి లాగి స్విచ్‌బోర్డు దాకా వస్తాయి. పంపు కింద స్పాంజి ముక్క వేస్తే గూయిమనే మోత సగం తగ్గుతుంది. పడగ్గదిలో ఆ మోత విన్నవాళ్ళకు ఈ వాక్యం విలువ తెలుస్తుంది.

నీలం మందు సంగతి. మెథిలీన్ బ్లూ విడి టబ్బులో వైద్యానికి పనికొస్తుంది. ట్యాంకులో పోస్తే స్పాంజిలోని బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది, సిలికాన్‌కు రంగు పడుతుంది. ‘వారానికి రెండు చుక్కలు’ అని చెప్పే దుకాణంలో మిగతా సలహాలు కూడా వినకండి.

మేత రెండు పూటలా, రెండు నిమిషాల్లో తినేసేంత. మనిషి కనబడగానే చేపలు గాజు దగ్గరికి ఉరికొస్తాయి, అది చూసి మనసు కరిగి ఇంకో చిటికెడు వేస్తాం. కుళ్ళిన మేత మళ్ళీ అమ్మోనియానే. అలసి వచ్చినరోజు చేయి ఎక్కువ తిరుగుతుంది కనుక పూటకు సరిపడా చిన్న చెంచా డబ్బాలోనే ఉంచండి.

ఇక చేపలు. గోల్డ్‌ఫిష్ జానెడు దాటి పెరుగుతుంది, ఈ ట్యాంకు చాలదు. సక్కర్ అడుగు దాటుతుంది, పైగా పెట్టేది గంపెడు రెట్ట. బోరు నీళ్ళ ఇళ్ళల్లో గప్పీలు, ప్లాటీలు హాయిగా బతుకుతాయి, ఖనిజాలు ఎక్కువున్న గట్టినీళ్ళే వాటికి నప్పుతాయి. ఎనిమిది గప్పీలు చాలు, అన్నీ మగవైతే పిల్లల బెడద ఉండదు. పెద్దదైపోయిన సక్కర్‌ను రైవస్ కాలువలోనో బందరు కాలువలోనో వదిలేసి రావొద్దు. ఆ జాతి ఇప్పటికే మన నీళ్ళల్లో చేరి జాలర్ల వలలు చింపుతోంది. వెనక్కి తీసుకుంటారా అని కొనేముందే దుకాణంలో అడగండి. కాదంటే పక్క దుకాణం చూసుకోండి.