మన్రో దొరకు జాలీ మేడ

అనంతపురం పాతూరులో దోమతెర తలుపులు చేసే చిన్న దుకాణం ఒకటి ఉంది. బోర్డు లేదు, గోడకు ఆనించిన అల్యూమినియం పట్టీలే గుర్తు. పోయిన ఏప్రిల్‌లో అక్కడికి వెళ్లి "రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు. నాలుగు వైపులా జాలీ, పైన కూడా జాలీనే" అని చెప్పాను. భాయ్ రాసుకుంటూ "పావురాలకా మేడం?" అన్నాడు. ఊసరవెల్లికి అన్నాను. పెన్ను ఆగిపోయింది. "తొండకు మేడ కట్టిస్తాండారా!" అన్నాడు. పక్కన టీ తాగుతున్న ఇద్దరు కిసుక్కుమన్నారు. ఇరవై రెండేళ్లుగా లెక్కల టీచర్ని, క్లాసులో అలా నవ్వితే ఏం చేయాలో నాకు తెలుసు. అక్కడ మాత్రం ఐదొందలు అడ్వాన్సు ఇచ్చి మాట్లాడకుండా వచ్చేశాను.

ఈ రివ్యూ ఆ పెట్టె గురించే. కానీ దానికి ముందు కొన్న గాజు తొట్టి సంగతి చెప్పకపోతే దీని విలువ తెలియదు.

ఊసరవెల్లి మావాడిది. వెయిల్డ్ కమీలియన్ అనే రకం, సొంతూరు యెమెన్, సౌదీ అరేబియా వైపు. బెంగళూరులో చదువుకునేటప్పుడు తెచ్చుకున్నాడు. నెత్తిన టోపీ పెట్టినట్టు ఎత్తైన కిరీటం ఉంటుందని మన్రో అని పేరు పెట్టాడు. 1800 నుంచి 1807 దాకా మన దత్త మండలాలకు కలెక్టరుగా చేసిన ఆ మన్రో దొరే. మార్చిలో మావాడికి పుణేలో ఉద్యోగం వచ్చింది, పీజీవాళ్లు జంతువులు వద్దన్నారు, దొరవారు కమలానగర్‌లో మా ఇంట్లో దిగారు. మా అత్తమ్మ కాసేపు ఎగాదిగా చూసి, "తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు, ఇది ఇంకేం ముదిరి ఇట్లయిందో" అంది.

కాగితాలు ఉన్నాయా అని అడిగేవాళ్ల కోసం చెబుతున్నాను, ఉన్నాయి. ఇలాంటి విదేశీ జీవులను పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలని 2024లో రూల్స్ వచ్చాయి, మావాడు చేయించాడు. మన చెట్ల మీద కనబడే ఊసరవెల్లిని మాత్రం పట్టి తెచ్చుకోకండి. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. మా వీధి పిల్లాడొకడు చింతచెట్టు మీద దొరికిందని ఒకదాన్ని డబ్బాలో పెట్టుకొచ్చి "టీచర్, మన్రోకు పెళ్లికూతురు" అన్నాడు. చెవి పట్టుకుని అదే చెట్టు దాకా నడిపించి వదిలిపెట్టించాను.

ఇక గాజు తొట్టి. అన్నీ కలిపిన కిట్ అని మావాడు పుణే నుంచే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాడు. ఏడు వేల తొమ్మిదొందలు. తొట్టి, ప్లాస్టిక్ ఆకులు, నీళ్ల గిన్నె, నీలం రంగు బల్బు, ఎండు గుళికల ప్యాకెట్టు. ఆ ఐదింట్లో ఒక్కటి కూడా దీనికి పనికొచ్చేది కాదని తెలియడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీద జారే చుక్కలను నాకుతుంది. ఎండు గుళికల వైపు కన్నెత్తి చూడదు, కదిలే పురుగే కావాలి. గాజులో తన నీడ తనకే కనిపించి, ఎవడో శత్రువు వచ్చాడని ఒళ్లు ఉబ్బించి బుసకొట్టేది. పచ్చగా ఉండాల్సిన ఒళ్లు పొద్దస్తమానం మట్టిరంగులో ఉండేది. రంగు మార్చేది దాక్కోవడానికే అనుకుంటాం గానీ, ఎక్కువగా అది దాని మూడ్, ఒంటి వేడి చెప్పే రంగు. పైగా ఏప్రిల్‌లో మన అనంతపురం. గాలి ఆడని గాజు తొట్టిలో దాన్ని పెట్టడం అంటే ఎండలో అద్దాలు మూసిన కారులో కూర్చోబెట్టినట్టే.

తొమ్మిది రోజులు ఏమీ తినలేదు. కళ్లు లోపలికి పోయాయి. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగులో వచ్చింది, అది ఒంట్లో నీళ్లు తగ్గిన గుర్తు అని మావాడు వీడియో కాల్‌లో చూసి చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పిల్లాడి సొత్తు మన చేతిలో పోతే ఆ టెన్షన్ వేరు. కిట్ వాపసు అంటే, వాడిన సరుకు వెనక్కి తీసుకోం అన్నారు. ప్రస్తుతం ఆ తొట్టిలో మా అత్తమ్మ శెనక్కాయలు పోసుకుంది. వాటికి బాగానే ఉంది.

భాయ్ నాలుగు రోజుల్లో ఇస్తానన్న పెట్టె పంతొమ్మిదో రోజున ఇచ్చాడు. ఒక స్టార్ అక్కడే పోయింది. కానీ పని చూడండి. మొదట నైలాన్ జాలీ చూపించాడు, కిటికీలకు వేసేది. పురుగులు కొరికేస్తాయి, గోళ్లు ఇరుక్కుంటాయి అని చెబితే, కాసేపు ఆలోచించి లోపలి నుంచి అల్యూమినియం జాలీ చుట్ట తెచ్చాడు. అడుగున ఏసీపీ షీటు (అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక), ఒక మూలకు వాలుగా, ఆ మూలలో బొక్క, కింద టబ్బు. ఈ వాలు ఆలోచన ఆయనదే. "నీళ్లు నిలబడితే వాసనొస్తాది మేడం, బాత్రూమ్ లెక్క చేస్తా" అన్నాడు. కింద నాలుగు చక్రాలు. తలుపులు రెండు, పైన పెద్దది, కింద ఊడ్చుకోవడానికి చిన్నది.

తీసుకునే ముందు లోపల అరచేతితో తడిమి చూడమని మావాడు చెప్పాడు. తడిమితే చెయ్యి గీరుకుపోయింది. స్క్రూల మొనలు లోపలికి పొడుచుకొచ్చి ఉన్నాయి. రక్తం చూసి భాయ్ మొహం మాడిపోయింది. నేనేమీ అనకముందే గ్రైండర్ తీసి పదహారు మొనలూ కోసి, పైన రబ్బరు బీడింగ్ వేశాడు, దానికి పైసా అడగలేదు. సిలికాన్ వాసన పోవడానికి మూడు రోజులు మిద్దె మీద ఆరబెట్టాను. మొత్తం నాలుగు వేల ఎనిమిదొందలు.

లోపల మనీ ప్లాంట్ కుండీ, మందారం కుండీ, అడ్డంగా, ఏటవాలుగా జామకొమ్మలు. పెట్టెను బల్ల మీదికి ఎక్కించాం, మన తలకంటే ఎత్తులో ఉంటేనే దానికి ధైర్యం. పైన జాలీ మీద ఐదు శాతం యూవీబీ ట్యూబు, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలిచ్చే లైటు. ఇది తప్పదు, లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టక ఎముకలు వంగిపోతాయి. కిటికీ అద్దంలో నుంచి ఎండ పడుతోంది కదా అనుకోవద్దు, గాజు ఆ యూవీబీని ఆపేస్తుంది. చక్రాలు ఉన్నాయి కాబట్టి సెలవు రోజుల్లో పొద్దున ఏడింటికి బల్ల మీది నుంచి దించి వరండాలోకి తోస్తాను, సగం నీడ ఉండేలా. మే నెలలో వేడి బల్బు అసలు వేయలేదు. మన ఊళ్లో ఆ నెలలో బల్బు ఎవరికి కావాలి?

నీళ్ల సంగతి నాకు ఇష్టమైన భాగం. మెడికల్ షాపులో సెలైన్ ఎక్కించే గొట్టం సెట్టు కొన్నాను, పాతిక రూపాయలు. లీటరు సీసాకు తగిలించి పెట్టె మీద వేలాడదీశాను. గొట్టానికున్న చిన్న చక్రం తిప్పితే రెండు సెకన్లకో చుక్క. చుక్క మనీ ప్లాంట్ ఆకు మీద పడి, ఈనె వెంబడి జారి, మొనకొచ్చి ఆగి వణుకుతుంది. దొర ఒక కన్ను దానిమీద, ఇంకో కన్ను నా మీద పెట్టి, ఐదు నిమిషాలు ఆలోచించి, ఒక్కో కాలూ ఊపుకుంటూ వచ్చి నోరు పెడతాడు. మొదటిరోజు అలా పదిహేను నిమిషాలు తాగాడు. నేను వంటింట్లో పాలు పొంగిపోయినా కదల్లేదు.

తిండి దగ్గర మాత్రం ఇప్పటికీ పేచీనే. మావాడు రోజూ సూపర్‌వార్మ్స్ అనే లావు పురుగులు పెట్టి అలవాటు చేశాడు. అవి కొవ్వు ఎక్కువ, మన పిల్లలకు చిప్స్ ప్యాకెట్ల లాంటివి. కీచురాళ్లు పెడితే తల పక్కకు తిప్పుకునేవాడు. సూపర్‌వార్మ్స్ పూర్తిగా ఆపేశాను. మొదటి రోజు లేదు, రెండో రోజు లేదు, నాలుగో రోజు పెట్టెలో పొరపాటున ఒక ఈగ దూరింది. కళ్లు రెండూ ముందుకు తిరిగాయి, నోరు కొద్దిగా తెరుచుకుంది, టప్‌మని చప్పుడు. ఒంటికంటే పొడవైన నాలుక ఎప్పుడు పోయిందో ఎప్పుడు వచ్చిందో కనబడలేదు, ఈగ లేదు. ఎగిరేది చూపిస్తే ఆకలి పుడుతుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు వారంలో ఒక రోజు సోల్జర్ ఫ్లై ఈగలు, మిగతా రోజుల్లో రోజు విడిచి రోజు కీచురాళ్లు, కాల్షియం పొడిలో దొర్లించి. పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు, ఇది గట్టి లెక్క. చేలల్లో మిడతలు పట్టి తెస్తామని పిల్లలు అడుగుతారు, మందు కొట్టిన చేలేవో తెలియదు కాబట్టి వద్దంటాను. మందారం ఆకులు మాత్రం తనంతట తానే కొరుక్కుంటాడు.

పురుగులు బెంగళూరు నుంచి బస్సు పార్శిల్‌లో వస్తాయి. మేలో మొదటి పెట్టె వచ్చినప్పుడు లెక్కపెట్టాను, రెండొందలకు నూట ముప్పై ఏడు చచ్చి ఉన్నాయి. పగటి బస్సుకు వేశారు. ఫోటో పంపితే వాదించకుండా మళ్లీ పంపారు, ఈసారి గుడ్ల అట్టల మధ్య పెట్టి, రాత్రి బస్సుకు. అప్పటి నుంచి తెల్లారకముందే బస్టాండుకు వెళ్లి తెచ్చుకుంటున్నాను, పదో పరకో తప్ప పోవడం లేదు. వాటికీ తిండి పెట్టాలి, క్యారెట్టు, మునగాకు. పురుగు తిన్నదే దొర ఒంటికి పడుతుంది. "పురుగులకు మునగాకు, మాకు ఉత్త పప్పు" అని అత్తమ్మ రోజూ సణుగుతుంది గానీ, నేను బడికి పోయాక ఆకు దూసి వేసేది ఆమే.

పెట్టెకు ఇంకో లోపం, పెద్ద తలుపు గడియ. చేతికి గట్టిగానే అనిపిస్తుంది, కానీ అదురుకు జారుతుంది. ఆగస్టులో ఒక పొద్దున లేచి చూస్తే పెట్టె ఖాళీ. మంచం కింద, షూల స్టాండులో, వాషింగ్ మెషీన్ వెనక వెతికాం. చివరికి మా ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని తల పైకెత్తితే, కర్టెన్ రాడ్ మీద తోక చుట్టుకుని కూర్చుని ఉన్నాడు, అచ్చం కర్టెన్ పువ్వుల ఆకుపచ్చలో. అప్పటి నుంచి గడియకు సైకిల్ ట్యూబు ముక్క చుడుతున్నాను.

నా లెక్కలో ఐదుకు నాలుగు. పెట్టె గట్టిది, గాలి ఆడుతుంది, ఎనిమిది నెలలైనా ఎక్కడా తుప్పు లేదు. గాజు తొట్టి కిట్‌కు సున్నా, శెనక్కాయల కోసమైతే రెండు. పోయిన వారం భాయ్‌కు ఫోన్ చేసి గడియ మార్చమన్నాను. "మేడం, తొండ బాగుండాదా?" అని అడిగాడు. సోమవారం వస్తానన్నాడు. ఏ సోమవారమో చెప్పలేదు.