ఏడేళ్లుగా మా మిద్దె మీద విక్టోరియా రెజీనా అగేవ్

కిత్తలి జాతికి చెందిన ఈ మొక్క అందం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, ఫొటోల్లో అందరూ చూసిందే. కానీ కొత్త ఆకు విడివడటం మాత్రం పక్కన కూర్చుని చూడాలి. నడిమొగ్గలో ఆకులన్నీ ఒకదాన్నొకటి గట్టిగా హత్తుకుని ఉంటాయి కదా, ఒక్కోటీ విడివడేసరికి పక్కాకు అంచు దాని మీద తెల్లగా అచ్చుపడి ఉంటుంది, సన్నటి ముగ్గుగీత లాగినట్టు. నాకు ఇప్పటికీ ఆ గీతలంటే పిచ్చి.

మాది అనంతపురం. మొదటి రెండేళ్లూ కనిపించిన వాళ్లందరికీ "కొనండి, నీళ్లు మర్చిపోయినా బతుకుతుంది" అని చెప్పాను. ఆ మాట ఎండాకాలానికే సరిపోతుందని మూడో ఏడు తెలిసింది. సెప్టెంబర్ చివర్లో పెళ్లికని ఊరెళ్లాం, వారం రోజులు ముసురు. నర్సరీవాళ్లిచ్చిన కొబ్బరిపొట్టు మట్టిలోనే ఉంచేశాను, పైగా కుండీ కింద ప్లేటు. తిరిగొచ్చేసరికి అడుగాకులు పసుపు రంగుకి తిరిగాయి, నొక్కితే బొటనవేలు దిగిపోతోంది, కుళ్లిన ఉల్లిగడ్డ వాసన. పైకి తీస్తే వేర్లు తడి పురికొసల్లా ఊడొచ్చాయి. ఏడుపొచ్చినంత పనైంది.

మెత్తబడిందంతా గట్టి తెల్లకండ తగిలేదాకా చాకుతో కోసేశాను (గ్లౌజులు వేసుకోండి, రసం తగిలి నా మణికట్టు రెండ్రోజులు దురద పెట్టింది). కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగుళ్ల మందు) పొడి అద్ది, పన్నెండు రోజులు వరండాలో నీడన ఆరబెట్టాను. ఇది మెక్సికో ఎడారిలో సున్నపురాతి కొండవాలుల్లో పెరిగే మొక్క. మన తాడిపత్రి నాపరాయి కూడా సున్నపురాయే కదా అని, ఆ ముక్కలు చితక్కొట్టి ముతక ఇసుకతో కలిపి మూడు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు వేసి నాటాను. రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. సంక్రాంతి ముందు ఆకు పట్టుకుని మెల్లగా లాగితే కదల్లేదు, వేరు పట్టేసింది!

అప్పట్నుంచి వానాకాలమంతా రేకు కిందే ఉంచుతున్నాను. పిడికిలంత కొన్నది ఏడేళ్లకి జానెడైంది, పిలకలు ఒక్కటీ పెట్టలేదు, తొందరున్నవాళ్లకి ఇది కుదరదు. ఆకు కొసన నల్లముల్లు సూదే. మా అమ్మాయికి పదేళ్లు కాబట్టి నాకు టెన్షన్ లేదు, పాకే పిల్లలుంటే నేనైతే కొనను. వానలెక్కువ పడే కోస్తావాళ్లు పైన కప్పు ఉంటేనే ఆలోచించండి.

ఆ ఏడాది మచ్చపడ్డ ఆకులు ఇప్పుడు అట్టడుగు వరసకి దిగాయి. వాటిని మాత్రం కొయ్యలేదు.