పొత్తికడుపు నొప్పి: గర్భసంచి తీయించుకోవడమా, ముందు కారణం తేల్చుకోవడమా? ఏది మేలు?

మా కోనసీమలో ఆడమనిషి పొత్తికడుపు నొప్పని రెండోసారి నోరు విప్పితే చాలు, ఎవరో ఒకరు అనేస్తారు: "ఇద్దరు పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఆ సంచితో పనేముంది, తీయించేసుకో." మా అక్కతోనూ అలాగే అన్నారు. అప్పటికి తనకి 32 ఏళ్ళు. తీయించేసుకుంది. తర్వాత కొన్నాళ్ళకి నాకూ నొప్పి మొదలైంది. నేను వేరే దారిలో వెళ్ళాను. రెండూ ఒకే ఇంట్లో చూసిన మనిషిగా ఇది రాస్తున్నాను.

ఆపరేషన్ చెడ్డదని నేను అనను. మా చిన్నత్తకి గర్భసంచిలో గడ్డలు. నెలకి పదిరోజులు రక్తం పోయేది, హిమోగ్లోబిన్ 6కి పడిపోయింది. మాత్రలు వాడినా లొంగలేదు. సంచి తీశాక ఆవిడ మళ్ళీ నాట్లకి వెళ్ళింది. గడ్డలు గానీ, సంచి లోపలి పొర దాని గోడలోకే పెరిగే అడినోమయోసిస్ గానీ ఉండి, మందులు పనిచేయక, ఇంక పిల్లలు వద్దనుకున్నవాళ్ళకి అది మంచి వైద్యమే. ఆవిడ విషయంలో జబ్బు ఎక్కడుందో ముందే తేలింది. తేడా అంతా అక్కడే.

అక్క విషయంలో ఎవరూ తేల్చలేదు. స్కాన్‌లో "సంచి కొంచెం వాచింది" అన్నారు, వారం తిరక్కుండా ఆపరేషన్ అయిపోయింది. నాలుగు నెలలకి అదే చోట, కుడివైపు, అదే నొప్పి. తీసిన సంచిని పరీక్షకి పంపిన రిపోర్టు మేం అడిగేదాకా చేతికివ్వలేదు. అందులో జబ్బేమీ లేదని ఉంది. ఆ కాయితం పట్టుకుని అక్క మంచం మీద కూర్చున్న తీరు నేను మర్చిపోలేను.

చివరికి ఎదుర్లంక వారధి దాటి, యానాం మీదుగా కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరమ్మ మొదట స్కాన్ రాయలేదు. పడుకోబెట్టి, "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమ్మా" అంది. అక్క సిజేరియన్ కుట్టు కుడి చివర వేలు పెట్టింది. డాక్టరమ్మ అక్కడే నొక్కిపట్టి, తల పైకెత్తమంది. అక్క కెవ్వుమంది. లోపలి అవయవాల నొప్పయితే, పొట్ట కండరం బిగిసినప్పుడు మామూలుగా తగ్గాలట. పెరిగిందంటే నొప్పి పొట్ట గోడలోనే ఉందన్నమాట. కుట్టు దగ్గర నరం ఇరుక్కుందని చెప్పి, ఆ చోటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. పావుగంటలో నొప్పి దిగిపోయింది. తర్వాత ఇంకో రెండుసార్లు చేయించుకోవాల్సి వచ్చింది. తీసేసిన సంచికీ ఆ నొప్పికీ సంబంధమే లేదు.

ఆరు నెలలు దాటి ఉండే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. దానికి కారణం గర్భసంచే కానక్కర్లేదు. మూత్రాశయం, పేగులు, కటి కండరాలు పట్టేయడం, పాత ఇన్ఫెక్షన్, ఆపరేషన్ల తర్వాత లోపల అతుక్కుపోవడం, మన దేశంలో గర్భసంచి, ట్యూబుల టీబీ కూడా, ఏదైనా కావచ్చు. ఎండోమెట్రియోసిస్‌లో సంచి లోపలి పొరలాంటిదే బయట అండాశయాల మీదా, పేగుల మీదా పెరుగుతుంది. సంచి ఒక్కటీ తీసేస్తే బయట ఉన్నది బయటే మిగిలిపోతుంది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. అనవసరంగా తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలకీ గుండెకీ ముప్పు. అవి ఉంచినా ముట్లుడిగే దశ కొంత ముందే రావచ్చు. ఈ మాట అక్కకి ఎవరూ చెప్పలేదు.

ఇక నా సంగతి. నాకు స్కాన్ మామూలుగానే వచ్చింది. "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకో" అని ఒకచోట పంపేశారు. నేను వంటింటి క్యాలెండర్ మీద మూడు నెలలు రాసుకున్నాను: నొప్పి వచ్చిన రోజుకి ఎర్ర గీత, నెలసరికి చుక్క, విరేచనానికి వెళ్ళినప్పుడు నొప్పయితే "వి". ఎర్ర గీతలు నెలసరికి నాలుగురోజుల ముందు మొదలై, చుక్కల దగ్గర గుంపుగా ఉండేవి. ఆ కాయితాలు చూసి కాకినాడ డాక్టరమ్మ ఎండోమెట్రియోసిస్ అనుమానించింది. స్కాన్ బాగున్నంత మాత్రాన అది లేదనడానికి వీల్లేదట. ఒకప్పుడు లాపరోస్కోపీ (పొట్టకి చిన్న గాటు పెట్టి, కెమెరా గొట్టంతో లోపల చూడటం) చేసి చూస్తేనే నమ్మేవాళ్ళు. 2022 యూరప్ మార్గదర్శకాల నుంచి ముందు మందు వాడి చూడటం కూడా సరైన పద్ధతే.

నాకు రోజుకొక డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర, 2 మిల్లీగ్రాములది, రాసింది. మొదటి రెండు నెలలు మధ్యమధ్యలో రక్తపు మరకలు కనపడి విసిగిపోయాను. మూడో నెలకి ఎర్ర గీతలు నాలుగైదుకి తగ్గాయి. మానేస్తే నొప్పి తిరిగి రావచ్చు, పిల్లలు వద్దనుకునేవాళ్ళు ఈ మాత్రని నమ్ముకోకూడదు, జాగ్రత్త వేరే ఉండాలి. పెద్ద చాక్లెట్ సిస్ట్ (ఎండోమెట్రియోసిస్ వల్ల అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి) ఉన్నా, పిల్లలు కలగకపోయినా, మాత్రలు పనిచేయకపోయినా లాపరోస్కోపీ మేలు. కండరాలు పట్టేసిన నొప్పికి మాత్రం కటి ఫిజియోథెరపీ కావాలి, అది మన ఊళ్ళల్లో దొరకడం కష్టం.

ఎక్కడికి వెళ్ళాలి? ఆర్‌ఎంపీ గారి ఇంజెక్షన్ ఒకపూటకి పనిచేస్తుంది, అంతే. మెడికల్ షాపులో మెఫ్తాల్ అనే నొప్పి మాత్ర కొనుక్కుని నెలల తరబడి మింగొద్దు, కడుపులో పుండు పడొచ్చు. అందులోని మందుతో అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుందని 2023లో ప్రభుత్వ హెచ్చరిక కూడా వచ్చింది. పట్నంలో నర్సింగ్ హోమ్ దగ్గర, పని త్వరగా అవుతుంది, కానీ ఆపరేషన్ మాట కూడా అంతే త్వరగా వస్తుంది. కాకినాడ జనరల్ ఆసుపత్రిలో లైను పెద్దది, మా ఊరి నుంచి తెల్లవారుజామున బయలుదేరాలి, రోజు కూలి పోతుంది. అయినా స్త్రీల విభాగం, సర్జరీ ఒకే ఆవరణలో ఉంటాయి, ఖర్చు దాదాపు ఉండదు. కారణం తెలియని నొప్పికి నా ఓటు దానికే. పేగుల్లోకి పాకిన ఎండోమెట్రియోసిస్ అని తేలితేనే హైదరాబాదు లాంటి చోటికి పోవాలి.

ఎవరైనా ఆపరేషన్ కాయితం ముందుపెట్టి సంతకం పెట్టమంటే ఈ నాలుగూ అడగండి: నొప్పి సంచిలోంచే వస్తోందని ఎలా తేల్చారు? ముందు ఏ మందులు వాడి చూశాం? అండాశయాలు ఉంచుతారా? తీసినదాని పరీక్ష రిపోర్టు నా చేతికి ఎప్పుడిస్తారు? అత్యవసరం కాని ఆపరేషన్‌కి రెండు వారాలు గడువడిగి, ఇంకో డాక్టరుకి చూపించుకుంటామంటే మంచి డాక్టరెవరూ కోప్పడరు.